కార్డులో అరవయ్యారు

పైడిలంక చివరి వీధిలో ఆడవాళ్ళంతా ఒకే పూటలో ముసలివాళ్ళయ్యారు. కొల్లేటి ఎండకీ నీటికీ మనుషులు తొందరగా వడలిపోతారన్న మాట నిజమేగానీ, మరీ ఒక్క పూటలో వడలిపోరు. పింఛను వయసు అరవైకి తగ్గించారని కబురు వచ్చిన రోజులవి. ఒక మనిషి బడి వరండాలో చిన్న కంప్యూటరు, వేలిముద్రల పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్కణ్ణించి వచ్చాడో, ఎవరు పిలిచారో ఇప్పటికీ ఎవరూ సరిగ్గా చెప్పరు. నలభై దాటినవాళ్ళు వరసలో నిలబడ్డారు. వరండా మెట్లెక్కినప్పుడు కార్డులో వయసు నలభై చిల్లర, దిగినప్పుడు అరవై పైన. మధ్యాన్నం భోజనాల వేళకి పని అయిపోయింది. ఆ మనిషికి కొర్రమీను పులుసుతో అన్నం పెట్టి పంపారు.

అప్పట్నుంచీ ఆ వీధికొక కట్టుబాటు. కంప్యూటరు ముందు కూర్చున్న మనిషికి అసలు వయసు చెప్పకూడదు. బ్యాంకులోనైనా, రేషను దగ్గరైనా, ఆసుపత్రిలోనైనా కార్డులో ఉన్నదే వయసు. ఒకళ్ళు నోరు జారితే వీధి వీధంతా కూలుతుంది. దండగ కట్టమంటారో, ఇచ్చిందంతా వెనక్కి లాక్కుంటారో ఎవరికి తెలుసు. ఆ వీధిలో తల్లీకూతుళ్ళు తోటికోడళ్ళ ఈడువాళ్ళని చుట్టాలు ఎకసెక్కాలాడేవారు. ఆడితే ఆడారు, ఒకటో తారీఖున తలుపు తట్టి పింఛను ఇచ్చేది చుట్టాలు కాదు కదా.

మంగతాయారు దివిసీమ ఉప్పెన ఏడాదికి అప్పుడే నడక వచ్చిన పిల్ల. అంటే యాభైకి ఒకటి తక్కువ. కార్డులో అరవయ్యారు. ఆమె తల్లి సుబ్బాయమ్మకి అరవై తొమ్మిది. ఆవిడది అసలు వయసే, ఎవరూ పెంచాల్సిన పని పడలేదు. మంగతాయారు మొగుడు పెద్దిరాజు పెదపాడు అవతల ఒకాయన చేపల చెరువుకి కాపలా ఉంటాడు. ఆమె చెరువుల్లో వలలు లాగే పట్టుబడి రోజుల్లో చేపలు ఏరే పనికి వెళ్తుంది. పట్టుబడి లేని నెలల్లో ఇల్లు గడిచేది ఆ పింఛను మీదే. అది దాచేదేమీ కాదు, ఆ వీధిలో అందరి సంగతీ అంతే.

మొన్న చలికాలంలో ఒక పట్టుబడి రోజున, వలలో శీలావతుల మధ్య దూరిన జెల్ల ఒకటి ఆమె కుడి చేతిని పొడిచింది. బొటనవేలి మొదట్లో, కండ ఉన్నచోట. జెల్ల ముల్లు గుచ్చుకోవడం ఆ పని చేసేవాళ్ళకి కొత్త కాదు. ముల్లు లాగేసి, సున్నం, పసుపు కలిపి పట్టించి మళ్ళీ పనిలో కూర్చుంది. సాయంత్రానికి చెయ్యి బరువెక్కింది. మర్నాటికి జ్వరం. ఊళ్ళో ఇంజెక్షన్లు చేసే డాక్టరు రెండు పూటలు సూది వేశాడు, లాభం లేక ఏలూరు తీసుకుపొమ్మన్నాడు. అప్పటికి చెయ్యి నీళ్ళలో నానేసిన రొట్టెలా ఉంది.

ఏలూరులో వాళ్ళు వెళ్ళింది ఒక ప్రైవేటు ఆసుపత్రికి. లోపలికి వెళ్ళగానే కౌంటరు దగ్గర కార్డు నంబరు అడిగారు. నంబరు కొట్టగానే పేరు, ఊరు, మొగుడి పేరు, వయసు వాటంతటవే తెర మీదికి వచ్చి కూర్చున్నాయి. కౌంటరులో అబ్బాయి తలెత్తి చూడను కూడా లేదు. చూసినా ఒరిగేదేమీ లేదు, ఆ గడి తాళం వేసినట్టు ఉంటుంది, మార్చడానికి అతనికి వీల్లేదు.

ఆ ఆసుపత్రిలో కంప్యూటరు రికార్డులు ఎప్పట్నుంచో ఉన్నాయి. ఆ ఏడాది కొత్తగా వచ్చింది మోతాదు చెప్పే ప్రోగ్రాము. డాక్టరు మందు పేరు కొట్టగానే అది రికార్డులోంచి వయసు తీసుకుంటుంది, నర్సు రాసిన బరువు తీసుకుంటుంది, ల్యాబులోంచి రక్తంలో క్రియాటినిన్ లెక్క తీసుకుంటుంది. మూడూ కలిపి మూత్రపిండాలు ఎంత బాగా వడకడుతున్నాయో లెక్కగట్టి, ఈ మనిషికి ఈ మందు ఇంత, రోజుకి ఇన్నిసార్లు అని చెబుతుంది. మించి రాస్తే తెర ఎర్రబడుతుంది.

దాన్ని ఆ రికార్డుల్లో అమర్చింది జాయ్సీ. తాడేపల్లిగూడెం అమ్మాయి, మందుల చదువు, ఫార్మ్ డీ, చదువుకుంది. రోజూ పాసింజరులో వచ్చి పోతుంది. మొదట్లో డాక్టర్లంతా ఆ ఎర్ర తెరని తిట్టుకున్నారు. వంట చేస్తుంటే వెనకాల నిలబడి ఉప్పు ఎక్కువైందనే అత్తగారిలా ఉందని డాక్టరు నిరంజన్ అందరి ముందూ అన్నాడు. తరవాత అతనే మెత్తబడ్డాడు. నల్లజర్ల నుంచి వచ్చిన ఒక పెద్దాయనకి జ్వరం మందు నిండు మోతాదు పడి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. అది ప్రోగ్రాము రాకముందు జరిగింది, రాసింది నిరంజనే; ఆ పాత లెక్క ప్రోగ్రాములో వేసి చూస్తే తెర ఎర్రబడింది. ఆ తరవాతే, ప్రోగ్రాము తగ్గించమంటే తగ్గించాల్సిందే, మించి ఇవ్వాలంటే కారణం రాసి సంతకం పెట్టాల్సిందే అని ఆసుపత్రి నియమం పెట్టింది. ఆ నియమం కావాలని పట్టుబట్టినవాళ్ళలో నిరంజన్ మొదటివాడు.

మంగతాయారుకి నిరంజన్ మంచి మందే రాశాడు. నీటి పుళ్ళకీ చేప ముళ్ళకీ పనిచేసేది. మొదటి మోతాదు ఎవరికైనా నిండుగానే పడుతుంది. రెండో మోతాదు దగ్గర ప్రోగ్రాము ఆమె వయసు చూసింది, నలభై ఆరు కిలోల బరువు చూసింది, జ్వరానికి కొంచెం పెరిగిన క్రియాటినిన్ చూసింది. మూత్రపిండాల పని ఉండాల్సిన గీతకి కింద ఉందంది. మోతాదు సగం చెయ్యమంది. సగం చేశారు. అందులో ఎవరి తప్పూ లేదు. నిజంగా అరవయ్యారేళ్ళ మనిషైతే అదే సరైన లెక్క.

జాయ్సీ వార్డుకి వచ్చినప్పుడు ఎరుపు ఎంతవరకు పాకిందో తెలియడానికి మంగతాయారు మణికట్టు పైన పెన్నుతో గీత గీసింది. మర్నాడు ఎరుపు గీత దాటింది. ఇంకో గీత గీసింది. అదీ దాటింది, మూడోది గీసింది. సర్జన్ వచ్చి చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. రేపు పొద్దుటికి తగ్గుముఖం పట్టకపోతే అరచెయ్యి కోసి చీము తియ్యాలన్నాడు. బొటనవేలు నిలుస్తుందని మాట ఇవ్వలేనన్నాడు.

పెద్దిరాజు ఆ మాట విని వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు. బొటనవేలు లేని చెయ్యి చేపని పట్టలేదు, చీపురు పట్టలేదు, ముద్ద కలపలేదు. అది చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

మందు సరైనదే అని ల్యాబు కూడా చెప్పింది. మరి ఎందుకు పనిచెయ్యడం లేదని జాయ్సీ ఫైలంతా మళ్ళీ చదివింది. మోతాదు తక్కువైందేమోనని అనుమానం. కానీ లెక్క లెక్క ప్రకారమే ఉంది. ఒక రోజంతా మూత్రం పట్టి కొలిస్తే వయసుతో పని లేకుండా మూత్రపిండాల సంగతి తేలుతుంది. ఆ ఏర్పాటు కూడా మొదలుపెట్టించింది. కానీ అది తేలేసరికి రేపు సాయంత్రమవుతుంది, సర్జను రేపు పొద్దున్నే అన్నాడు.

ఆ మధ్యాన్నం మూత్రం పట్టే సీసా సంగతి చూడ్డానికి వెళ్తే, వార్డు ఆయా మామూలుగా ఒక మాట అంది. ఆ మంచం ఆవిడకి నెలసరి వచ్చిందనీ, గుడ్డలు అడిగిందనీ, ఈ వేళ సీసా పట్టడం కుదురుతుందో లేదో అనీ.

జాయ్సీ సీసా సంగతి వదిలేసింది. అరవయ్యారేళ్ళ మనిషికి రక్తం కనిపిస్తే అది నెలసరి కాదు, జబ్బు. ఆ జబ్బే అయితే అది ఇంకో భయం. రెంటిలో ఏదో తెలుసుకోవాలి. మంచం దగ్గరకి వెళ్ళి కర్టెను లాగింది. మంగతాయారు కళ్ళు మూసుకుని ఉంది. సుబ్బాయమ్మ కింద చాప మీద కూర్చుని బత్తాయి ఒలుస్తోంది.

ఇలా కనిపించడం ఎన్నాళ్ళ నుంచమ్మా అని మంగతాయారుని మెల్లిగా అడిగింది. ఆమె కళ్ళు తెరవకుండానే, నెలనెలా అండీ అంది.

సుబ్బాయమ్మ చేతిలో బత్తాయి ఆగిపోయింది. జ్వరంలో ఏదో మాట్లాడుతోందమ్మా, పట్టించుకోకండి అంది.

"మామ్మగారూ, మీ అమ్మాయి వయసెంతండీ?" అంది జాయ్సీ.

"అరవయ్యారు. కార్డులో ఉంది కదండీ."

"మరి మీకండీ?"

"నాకా. అరవై తొమ్మిది."

జాయ్సీ ఆవిడ వైపే చూస్తూ ఉండిపోయింది. సుబ్బాయమ్మ బత్తాయి తొన మీద పీచు తీస్తూ కూర్చుంది. ఎంతకీ ఆ చూపు మళ్ళకపోయేసరికి, "మా రోజుల్లో పెళ్ళిళ్ళు తొందరగా చేసేసేవారమ్మా," అంది.

మంచం మీద మంగతాయారుకి నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి కదిలి మూలిగింది. "నోరుముయ్యవే అమ్మా," అంది.

జాయ్సీ స్టూలు లాక్కుని కూర్చుంది. ప్రోగ్రాము ఏం చేస్తుందో ఉన్నదున్నట్టు చెప్పింది. వయసు పెరిగేకొద్దీ మూత్రపిండాలు మందుని నెమ్మదిగా బయటికి పంపుతాయనీ, అందుకని పెద్దవాళ్ళకి మోతాదు తగ్గిస్తారనీ, తగ్గించకపోతే వాళ్ళకి ప్రమాదమనీ. వయసులో ఉన్నవాళ్ళకి తగ్గిస్తే మందు ఒంట్లో నిలవకుండానే పోతుందనీ, పురుగు చావదనీ. అన్నీ విని మంగతాయారు, "అంటే చెరువు లోతు తక్కువ చెప్పి మందు కొట్టించినట్టన్నమాట," అంది.

ఆమె మొగుడు కాపలా ఉండే చెరువులో అది ఒకసారి జరిగింది. చెరువు రెండు నిలువుల లోతుంటే ఒక నిలువని చెప్పి, ఆ లెక్కన మందు తెప్పించారు. మందు చాలక, తెగులు తగ్గక చేపలు చచ్చి తేలాయి. మందుదే తప్పని షాపువాడితో వారం రోజులు గొడవపడ్డారు.

"అంతేనండీ," అంది జాయ్సీ. "మీ లోతు నాకు తెలియాలి."

సుబ్బాయమ్మ లేచి కర్టెను సందులోంచి బయటికి తొంగి చూసి మళ్ళీ వచ్చి కూర్చుంది. ఇంకేదైనా మందు ఇవ్వండి, వయసుతో పనిలేనిది, అని బతిమాలింది. అలాంటివి ఉన్నాయిగానీ ఈ పురుగుకి పనిచెయ్యవని జాయ్సీ చెప్పింది. పోనీ కంప్యూటరులో ఏమీ రాయకుండా ఎక్కువ ఇచ్చెయ్యండి అంది సుబ్బాయమ్మ. అది కుదరదంది జాయ్సీ. ఊరికే అనుమానం మీద ఎక్కువ మందు ఇస్తే, నిజంగానే అరవయ్యారైతే, చెయ్యి పోవడం కాదు, మూత్రపిండాలే పోతాయి. డాక్టరు సంతకం పెట్టాలి. పెట్టాలంటే కారణం కావాలి. కారణం మీ నోటితో రావాలి.

"నేను చెప్తే అది ఎక్కడిదాకా వెళ్తుందండీ?" అని అడిగింది మంగతాయారు.

ఇక్కడ జాయ్సీ అబద్ధం చెప్పి ఉండవచ్చు. ఎక్కడికీ వెళ్ళదమ్మా అంటే ఆ క్షణానికి సరిపోయేది. కానీ ఈ రికార్డు ఒక హెల్తు నంబరుకి కట్టి ఉందనీ, ఆ నంబరు కార్డు నంబరుకి కట్టి ఉందనీ ఆమెకి తెలుసు. కట్టింది తనే. పింఛనువాళ్ళు ఆసుపత్రి రికార్డు చూస్తారని తను అనుకోవడం లేదు, చూడకూడదు కూడా, కానీ ఎవరూ చూడరని ప్రమాణం చెయ్యలేనని అంది. మీ డిశ్చార్జి కాగితం మీద మాత్రం పడుతుందంది.

సుబ్బాయమ్మ ఇక ఆగలేదు. "విన్నావా. ప్రమాణం చెయ్యదంట. వీధిలో ఎంతమంది ఉన్నారో ఎరుగుదువా? నీ ఒక్కదాని చేతికోసం అంతమంది నోట్లో మన్ను కొడతావా?"

"చెయ్యి పోతే పింఛనుకి వేలిముద్ర దేంతో వేస్తానే?"

"ఎడమ చెయ్యి లేదా?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక సుబ్బాయమ్మకే ఎలాగో అయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంగతాయారుకి కోపం రాలేదు. తల్లి చెడ్డది కాదు. ఇద్దరు మొగపిల్లలు కొల్లేటిలో పడవ తిరగబడి పోతే, ఈ ఒక్క కూతుర్నీ కూలికెళ్ళి పెంచింది. ఎప్పుడు ఏది ఊడిపోతుందోనని ఉన్నదాన్ని రెండు చేతులా పట్టుకోవడం ఆవిడకి అలవాటు. అయితే ఇక్కడ పట్టుకోవడానికి కావాల్సింది చెయ్యే.

పెద్దిరాజుని పిలిపించారు. అతను తలుపు దగ్గరే నిలబడి విన్నాడు. నీ ఇష్టం అన్నాడు. ఎప్పుడూ అలాగే అంటాడు, ఆ రోజు మాత్రం అన్నాక వెళ్ళిపోకుండా నిలబడ్డాడు.

"ఉప్పెనప్పటికి నాకు నడక వచ్చిందంటండీ," అంది మంగతాయారు జాయ్సీతో. "ఊళ్ళోకి నీళ్ళొస్తున్నాయని పరిగెత్తుతుంటే చంక దిగి నేనూ నడుస్తానని మారాం చేశానంట. మా అమ్మ చెప్పేది. లెక్క మీరే కట్టుకోండి."

జాయ్సీ తల్లి వైపు చూసింది. సుబ్బాయమ్మ తల ఊపింది. "ఆయ్. అప్పటికి ఏడాది దాటి రెండు నెలలు," అంది.

నిరంజన్ వచ్చాడు, విన్నాడు. వీడు డాక్టరై ఉండి ఒక మనిషి మొహం చూసి వయసు కనిపెట్టలేకపోయాడేమిటని ఎవరైనా అనుకోవచ్చు. ఎండలో నీళ్ళలో పనిచేసే మనిషి మొహం చూసి వయసు చెప్పడం అంత సులువు కాదు. అతను అడిగాడు కూడా, మొదటి రోజే. ముగ్గురూ ఒక్క గొంతుతో అరవయ్యారన్నారు. ఇప్పుడు అతను ప్రోగ్రాములో నలభై తొమ్మిది వేసి చూశాడు. మూత్రపిండాల లెక్క గీత పైకి వచ్చింది. తెర ఆకుపచ్చగా మారింది. కారణం గడిలో, రోగి, తల్లి చెప్పిన ప్రకారం అసలు వయసు 49 అని రాసి సంతకం పెట్టాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ రాయలేదు.

ఆ సాయంత్రం నుంచి నిండు మోతాదు పడింది. సర్జనుతో నిరంజన్ మాట్లాడి ఒక రోజు గడువు తీసుకున్నాడు.

అయితే చిక్కు అక్కడితో తీరలేదు. మర్నాడు పొద్దున్నే జాయ్సీ రైలు దిగి వచ్చి చూసేసరికి తెల్లవారుజామున పడాల్సిన మందు మళ్ళీ సగం చేసి ఉంది. నర్సు తప్పు లేదు. కొత్త ఆర్డరు పెట్టిన ప్రతిసారీ ప్రోగ్రాము వెళ్ళి కార్డు నంబరు దగ్గర వయసు మళ్ళీ తెచ్చుకుంటోంది. మనిషి చెప్పింది ఒకటి, నంబరు చెప్పింది ఇంకొకటి అయితే నంబరునే నమ్మమని దానికి నేర్పి ఉంది. అలా నేర్పినప్పుడు అది జాయ్సీకి కూడా సబబుగానే తోచింది. కౌంటరులో తొందరలో కొట్టే వయసుల కంటే కార్డే నయం కదా అనుకుంది.

కంపెనీవాళ్ళకి ఫోను చేసింది. అవతలి మనిషి మర్యాదగానే విన్నాడు. అది సరిచెయ్యడానికి వారం పడుతుందన్నాడు. అసలు ఆవిడ కార్డులోనే వయసు సరిచేయించుకుంటే ఏ గొడవా ఉండదు కదండీ అని సలహా కూడా ఇచ్చాడు. జాయ్సీ థాంక్సండీ అని పెట్టేసింది.

మిగిలింది ఒకటే దారి. మంచం తల దగ్గర గోడకి తెల్లబోర్డు ఉంటుంది, పేరు, డాక్టరు పేరు రాయడానికి. నిరంజన్‌ని అడిగి దాని మీద పెద్ద అక్షరాలతో రాసింది. మంగతాయారు, వయసు 49. మోతాదు ఈ వయసు ప్రకారమే. కంప్యూటరు తగ్గించమన్నా తగ్గించకూడదు. ఏ డ్యూటీ నర్సు వచ్చినా ముందు ఆ బోర్డు చూడాలి, తరవాతే తెర.

సుబ్బాయమ్మ ఆ బోర్డుని చూసి గుండెలు బాదుకున్నంత పని చేసింది. కాగితం మీద చిన్న అక్షరం అనుకుంటే గోడకెక్కించారు. ఎవరైనా ఊరివాళ్ళు చూడ్డానికి వస్తే బోర్డుకి అడ్డంగా నిలబడి మాట్లాడేది. ఆవిడ పొట్టిది, బోర్డు ఎత్తున ఉంది. అందుకని తువ్వాలు ఒకటి ఆరేసినట్టు దాని మీద వేసింది. నర్సు తీసేసింది. మళ్ళీ వేసింది. మళ్ళీ తీసేసింది.

ఎరుపు మూడో గీత దగ్గర ఆగింది. ఆ పై రోజు గీతకి ఇవతలకి వచ్చింది. సర్జను చిన్నగా గాటు పెట్టి చీము తీశాడు, వేలి జోలికి వెళ్ళలేదు. చూపుడువేలు, బొటనవేలు కలపమంటే కలవలేదుగానీ, కలవడానికి బయల్దేరాయి. మంగతాయారు ఆకలేస్తోందంది.

అలా ఉండగా ఒకటో తారీఖు వచ్చింది.

ఆ రోజు సుబ్బాయమ్మ క్యాంటీనుకి ఇడ్లీ తేవడానికి వెళ్ళింది. పెద్దిరాజు చెరువుకి వెళ్ళాడు. జాయ్సీ మంచాల వెంట తిరుగుతూ ఆ రోజు మోతాదులు సరిచూస్తోంది. అప్పుడు వచ్చాడు ఏసుకుమారు. పైడిలంక గ్రామ సచివాలయంలో పనిచేసే కుర్రాడు, పింఛన్లు పంచేది అతనే. ఒకటో తారీఖున ఒక్కళ్ళు కూడా మిగలకూడదని పైవాళ్ళ పట్టు. ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది, ఆసుపత్రిలో ఉందన్నారు. మంచికే వచ్చాడు పాపం, బైకు మీద అంత దూరం, బత్తాయిలు కూడా పట్టుకొచ్చాడు.

ఎలా ఉందండీ పిన్నిగారూ అని పరామర్శించాడు. సంచీలోంచి వేలిముద్రల మిషను తీశాడు. మిషను పట్టుకుని తలెత్తేసరికి ఎదురుగా బోర్డు.

చదివాడు. ఇంకోసారి చదివాడు. మంగతాయారు అతను చదవడం చూసింది.

సరిగ్గా అప్పుడు సుబ్బాయమ్మ ఇడ్లీ పొట్లంతో వచ్చింది. సంగతి అర్థమై గుమ్మంలోనే ఆగిపోయింది.

ఏసుకుమారు నెమ్మదైన పిల్లాడు. గొంతు తగ్గించి, "ఆసుపత్రివాళ్ళు వయసు తప్పు వేసినట్టున్నారండీ," అన్నాడు. "దిద్దించుకోండి."

అది దారి చూపించడమో, భయపెట్టడమో అతనికే తెలియాలి. సుబ్బాయమ్మ మాత్రం ఆ మాటని కింద పడకుండా పట్టుకుంది. "అవును బాబూ, తప్పే. నేను చెప్తూనే ఉన్నాను, వింటేగా," అని జాయ్సీ వైపు తిరిగింది. "అమ్మాయిగారూ, దిద్దెయ్యండమ్మా. అరవయ్యారని రాసెయ్యండి."

జాయ్సీ బోర్డు దగ్గరే ఉంది. బోర్డు చెరిపితే ఏమవుతుందో ఆమెకీ తెలుసు, మంచం మీద మనిషికీ తెలుసు. మధ్యాన్నం మందు ఇంకా పడాలి. కొత్త నర్సు డ్యూటీకి వస్తుంది, తెర చూస్తుంది, సగం చేస్తుంది. పోనీ ఈ కుర్రాడు వెళ్ళేదాకా చెరిపి మళ్ళీ రాయవచ్చు కదా అనిపించింది జాయ్సీకి. చేతిలో గుడ్డ ఉంది. కానీ అది తను తేల్చేది కాదు. మంగతాయారు వైపు చూసింది.

మంగతాయారు కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని ఉంది. కట్టులోంచి వేళ్ళ కొసలు కనిపిస్తున్నాయి. వాపు తగ్గి ముడతలు పడ్డాయి.

"దిద్దకండి మేడంగారూ," అంది. "అదే నా వయసు."

సుబ్బాయమ్మ పొట్లం కింద పెట్టి కూర్చుండిపోయింది.

"నేను అడగలేదండీ పిన్నిగారూ," అన్నాడు ఏసుకుమారు.

"నువ్వడగలేదు. నేనే చెప్పాను. వీధిలో మిగతావాళ్ళ సంగతి మాత్రం నన్నడక్కు బాబూ. వాళ్ళ ఒళ్ళు వాళ్ళది."

ఏసుకుమారు మిషను ఆన్ చేశాడు. ఈ నెలది మంజూరై వచ్చిందనీ, ఇవ్వకుండా వెనక్కి తీసుకెళ్ళే అధికారం తనకి లేదనీ అన్నాడు. వచ్చే నెల సంగతి తను చెప్పలేనన్నాడు. తనంతట తాను వెళ్ళి చెప్పననీ, ఎవరైనా అడిగితే మాత్రం చూసింది చూడలేదని చెప్పలేననీ అన్నాడు. ఉద్యోగం వచ్చి ఇంకా రెండేళ్ళు కాలేదండీ అన్నాడు.

"అలాగే చెయ్యి బాబూ," అంది మంగతాయారు.

ఎడమ చెయ్యి చాపింది. మిషను మీద వేలు పెట్టింది. మొదటిసారి తీసుకోలేదు. చీరకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. తీసుకుంది. అతను డబ్బు ఆమె తలగడ పక్కన పెట్టి, బత్తాయిల సంచీ సుబ్బాయమ్మ చేతికిచ్చి, వస్తానండీ అని వెళ్ళాడు.

తల్లి పొట్లం విప్పి, ఇడ్లీ తుంచి, చట్నీలో అద్ది కూతురి నోటికి అందించింది. రెండో ముక్క తుంచుతూ, "ఇంటికెళ్ళాక వీధిలో ఏం చెప్తావే?" అంది.

"చెయ్యి చూపిస్తాను."

"చెయ్యి చూపిస్తే ఊరుకుంటారా?"

"ఊరుకోరు," అంది మంగతాయారు. "కొన్నాళ్ళు మాట్లాడరు. పట్టుబడికి పిలవరు. చూద్దాం."

సుబ్బాయమ్మ ఇంకో ముక్క అందించింది.

మధ్యాన్నం కొత్త నర్సు వచ్చింది. తెర చూసింది, ఎర్రగా ఉంది. మందు తగ్గించమంటోందండీ అంది ఎవరితోనో. సుబ్బాయమ్మ చాప మీంచి లేవకుండానే, చేతిలో బత్తాయి తొక్కతో గోడ వైపు చూపించింది. ముందు అది చదువమ్మా అంది.

నర్సు బోర్డు చదివి, సీసాలోంచి నిండుగా మందు ఎక్కించింది.